వార్నింగ్‌లను ఎర్రర్లుగా పరిగణించడం

కంపైలర్ వార్నింగ్ ఇచ్చినా దాన్ని ఎర్రర్‌గానే లెక్కగట్టి బిల్డ్‌ను ఆపేసే పద్ధతి. జీసీసీ, క్లాంగ్ కంపైలర్లలో ఇందుకు ‘డబ్ల్యు-ఎర్రర్’ అనే ఆప్షన్ ఉంది. మామూలుగా వార్నింగ్ వచ్చినా ప్రోగ్రామ్ తయారవుతుంది. చిక్కంతా అక్కడే: బారెడు బిల్డ్ లాగ్‌లో ఆ ఒక్క వరుసను చదివేవారు అరుదు.

సీ భాషలో ‘ఇఫ్’ షరతులో ఎక్స్ విలువ సున్నాయేనా అని అడగబోయి, రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే టైప్ చేశారనుకుందాం. పోలిక జరగదు, ఎక్స్‌లోకి సున్నా చేరిపోతుంది, షరతు ఎన్నటికీ నెరవేరదు. భాషా నియమాల ప్రకారం ఇది చెల్లుతుంది కనుక, సాధారణ వార్నింగ్‌లను చూపించమనే ‘డబ్ల్యు-ఆల్’ ఆప్షన్ పెట్టినా జీసీసీ వార్నింగ్‌తో సరిపెడుతుంది.

2021 సెప్టెంబరులో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ బిల్డ్‌లన్నిటికీ ‘డబ్ల్యు-ఎర్రర్’ను డిఫాల్ట్ చేశారు. ఎన్నెన్నో కంపైలర్ వెర్షన్లు, ప్రాసెసర్ రకాల మీద బిల్డ్‌లు విఫలమయ్యాయి. కొద్ది రోజుల్లోనే ఆ డిఫాల్ట్‌ను పరీక్ష కోసం చేసే బిల్డ్‌లకు పరిమితం చేశారు.

అసలు ఇబ్బంది కొత్త కంపైలర్లతోనే. అవి కొత్త వార్నింగ్‌లు తెస్తాయి. నిన్నటిదాకా నడిచిన కోడ్ అక్షరం మారకుండానే ఆగిపోతుంది. అందుకే డెవలపర్ల సొంత పరీక్షల్లో ఈ ఆప్షన్ తప్పనిసరిగా ఉండాలి. ఇతరులకు విడుదల చేసే సోర్స్‌లో ఉండకూడదు. ఎంచుకున్న వార్నింగ్‌లకే వర్తింపజేసే వీలూ ఉంది. గో భాష కంపైలర్‌లో వార్నింగ్‌లే లేవు: వాడని లోకల్ వేరియబుల్ కూడా ఎర్రరే.