కామాఠీపురా: అప్పీలుకు అందని శిక్షలు

కామాఠీపురా పేరు చెప్పడానికి బొంబాయిలో మనవాళ్లు ఇప్పటికీ తటపటాయిస్తారు. "బైకుల్లా దగ్గర" అని మాట దాటేస్తారు. నిజానికి ఆ పేరు మనదే. నిజాం రాజ్యం నుంచి మట్టిపనికి, ఇళ్ల కట్టుబడికి వచ్చిన తెలుగు కూలీలు కామాటివాళ్లు. వాళ్లున్న పేట కాబట్టి ఆ పేరు. వేశ్యావాటిక ఆ గల్లీల్లో పెరిగింది తర్వాతే.

వీధిలో విటులను పిలిచిందని పోలీసులు పట్టుకున్న ఆడమనిషిని ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు ముందు నిలబెట్టేవారు. మొదట 1902 నాటి సిటీ పోలీసు చట్టం ఉండేది, 1923లో వ్యభిచార నిరోధక చట్టం వచ్చింది. ఇలాంటి కేసుల్లో శిక్ష మామూలుగా చిన్నదే. అది చిన్నది కావడమే చిక్కు.

1898 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 411వ సెక్షన్ చూడండి. ప్రెసిడెన్సీ మేజిస్ట్రేటు వేసిన ఖైదు ఆరు నెలలు దాటితేనో, జరిమానా 200 రూపాయలు మించితేనో హైకోర్టుకు అప్పీలు ఉంటుంది. ఆ లోపలైతే లేదు. 362వ సెక్షన్ ఇంకా విడ్డూరం: అప్పీలు లేని కేసులో మేజిస్ట్రేటు సాక్ష్యం రాసుకోనక్కర్లేదు, అభియోగం కూడా రాతలో పెట్టనక్కర్లేదు. పోలీసు ఏమన్నాడో, ఆమె ఏం బదులు చెప్పుకుందో కాగితం మీద ఉండాలన్న నియమమే లేదు. రివిజన్ అనే దారి ఒకటి ఉండేది, హైకోర్టు రికార్డు తెప్పించుకుని చూడొచ్చు. రికార్డులో సాక్ష్యమే లేనప్పుడు ఏం చూస్తుంది? పైగా యజమానురాలికి బాకీపడ్డ మనిషి వకీలు ఫీజు ఎక్కణ్ణించి తెస్తుంది?

1917లో డంకన్ రోడ్డులోని ఒక ఇంట్లో ఆకూతాయి అనే ఆమె తప్పించుకోబోయింది. నడిపేవాళ్లు ఆమెను చిత్రహింసలు పెట్టి చంపేశారు. అది హత్య కేసు, విచారణ హైకోర్టులో జరిగింది. అక్కడ సాక్షుల మాటలన్నీ రాసుకోవాల్సిందే. ఆ ఇళ్లల్లో ఆడవాళ్లు ఎలా బతికారో, ఎలా దెబ్బలు తిన్నారో చరిత్రకారులు చదివింది ఆ వాంగ్మూలాల్లోనే. బతికుండి, జరిమానా కట్టి వెనక్కి వెళ్లినవాళ్ల మాట అలా మిగల్లేదు.

మన కామాటి కూలీలు తాగి గొడవపడ్డా, రోడ్డుకు అడ్డం బండి పెట్టినా వెళ్లింది ఆ మేజిస్ట్రేట్ల దగ్గరికే, వాళ్లకూ ఈ సెక్షన్లే. ఇంట్లో పాత ట్రంకుపెట్టెల్లో పోలీసు కోర్టు జరిమానా రశీదు ఏదైనా దొరికితే, సిగ్గుపడి చించెయ్యకండి. ఆ కేసు గురించి మిగిలిన కాగితం అదొక్కటే కావొచ్చు.