వేలూరులో ఐదుగురి రక్తము

రేణిగుంట జంక్షనులో తిరుపతి, పాకాల, చిత్తూరుల మీదుగా కాట్పాడికి పోవు బండి ఎక్కువారందరును యాత్రికులు కారు. ఒడిలో పాత చీటీల సంచి, ఎక్స్‌రే కవరు పెట్టుకొని కూర్చున్నవారిని చూచినచో, వేలూరు ఆసుపత్రికి పోవుచున్నారని అడుగకయే తెలియును. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక పూర్వము తిరుపతి, వేలూరు రెండును ఉత్తరార్కాటు జిల్లాలోనివే. తరువాత జిల్లాలు వేరైనవి, రాష్ట్రములు వేరైనవి. జబ్బు చేసినప్పుడు మనవారు పట్టు దారి మాత్రము మారలేదు.

1900లో ఐడా స్కడ్డర్ ఒక్క మంచముతో ఆరంభించిన వైద్యశాలయే నేటి వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల. అచ్చటి రక్తవ్యాధి నిపుణుడు డాక్టర్ అలోక్ శ్రీవాస్తవ హీమోఫిలియా రోగులకై చిరకాలము పాటుపడినవారు. ఈ వ్యాధి కలవారికి రక్తము గడ్డకట్టుటకు కావలసిన మాంసకృత్తు ఒకటి లోపించును. ఎక్కువమందిలో లోపించునది ఫ్యాక్టర్ 8. తీవ్రమైన రోగికి దెబ్బ తగులకయే మోకాటి కీలులో రక్తము చేరును. లోపము సాధారణముగా తల్లి నుండి కొడుకునకు సంక్రమించును. అందుకై ఆ తల్లిని నిందించు ఇండ్లు లేకపోలేదు; వంశములో ఎన్నడును లేకుండ కొత్తగా పుట్టు రోగులును ఉన్నారని వారెరుగరు.

ఫ్యాక్టరును రెండు మూడు దినములకొకసారి సూదిమందుగా ఎక్కించుట పాత పద్ధతి. అది ఖరీదైన మందు. ఆ మాంసకృత్తును తయారుచేయు జన్యువునే శరీరములో నాటినచో? జన్యువును కణములోనికి చేర్చు నేర్పు వైరసులకు పుట్టుకతోనే కలదు. వాటి కోరలు పీకి బండ్లుగా వాడుకొనవలెనని శాస్త్రజ్ఞులు తలచినారు. దారి సుగమము కాలేదు. 1999లో అమెరికాలో ఇట్టి ప్రయోగములో జెస్సీ గెల్సింగర్ అను 18 ఏండ్ల యువకుడు మరణించెను. పారిస్‌లో చికిత్సతో కోలుకొన్న పసిబిడ్డలలో కొందరికి తరువాత లుకేమియా వచ్చెను.

ఏఏవీ అను చిన్న వైరసు ద్వారా కాలేయమునకు ఫ్యాక్టర్ 8 జన్యువును పంపు మందును 2022లో ఐరోపా అనుమతించినది. కాని ఆ వైరసు ఇదివరకే సోకి, రక్తములో దానికి ప్రతిరోధకములు ఉన్నవారికి అది పనికిరాదు. ఏండ్లు గడచిన కొలది ఫలము తగ్గుటయు కనబడినది.

వేలూరు వారు వేరు బండిని ఎన్నుకొన్నారు. ఎయిడ్సు వైరసు నుండి రోగకారక భాగములను తొలగించి చేసిన లెంటివైరస్ అది. వినుటకు భయము గొలుపును గాని, ఎన్నికలో ఔచిత్యము కలదు. అచ్చట 1986 నుండి ఎముక మజ్జ మార్పిడి జరుగుచున్నది. రోగి మూలకణములను బయటికి తీసి, వాటిలో జన్యువును నాటి, మందులతో పాత మజ్జను ఖాళీచేసి, వాటిని తిరిగి ఎక్కించుట వారికి అలవడిన పనికి కొనసాగింపే. జన్యువును అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమునకు చెందిన డోరింగ్, స్పెన్సర్ రూపొందించిరి. మాంసకృత్తు ఎక్కువగా తయారగుటకై మానవ జన్యువులో పంది జన్యువు భాగములను కలిపినారు.

22 నుండి 41 ఏండ్ల లోపు ఐదుగురికి చికిత్స జరిగినది. మొదటి ఇద్దరిలో ఫ్యాక్టరు నూటికి 5.2, 1.7 పాళ్లు మాత్రమే వచ్చినది. నిరుత్సాహపడదగిన అంకెలే. పరిశోధకులు ఆగలేదు, వైరసు కణములో చొరబడుటకు తోడ్పడు పదార్థమును చేర్చినారు. తరువాతి ముగ్గురిలో 37.1, 19.3, 39.9 పాళ్లు వచ్చినది. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ఫలితములు వెలువడినవి. ఐదుగురిని గమనించిన కాలము కలిపి 81 నెలలు. చికిత్స నిలదొక్కుకొన్న పిదప ఆ కాలములో, 1.7 పాళ్ల రోగితో సహా, ఒక్కరికిని రక్తస్రావము కలుగలేదు.

ఐదుగురు మిక్కిలి కొద్దిమంది. పైగా ఈ వైరసు తన జన్యువును మన జన్యువులలోనే అతికించును గనుక, పారిస్ అనుభవము ఎరిగినవారు ఈ రోగులను ఏండ్ల తరబడి కనిపెట్టి చూడవలసియున్నది. మజ్జను ఖాళీచేయు మందులును కఠినమైనవే. ఆ ఐదుగురును పెద్దవారు. పసివాండ్ర వంతు ఆ ప్రయోగములో రాలేదు.