పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని మన పెద్దలు అన్నారు. ఆ మాటను అక్షరాలా నమ్మి, దాని మీద కోట్ల డాలర్లు వెచ్చించే వ్యాపారం ఒకటి అమెరికా బేస్‌బాల్‌లో చాలాకాలంగా సాగుతోంది. డొమినికన్ రిపబ్లిక్‌లోనో వెనెజువేలాలోనో ఒక పదహారేళ్ళ కుర్రవాడు ఎండలో నిలబడి బంతి విసురుతాడు. కంచె వెనుక కూర్చున్న నలుగురైదుగురు పెద్దమనుషులు వేగాన్ని కొలిచే యంత్రాన్ని గురిపెట్టి, ఒక్కొక్క నైపుణ్యానికి రెండేసి అంకెలు రాసుకుంటారు. వాడు ఈ రోజు ఎలా విసురుతున్నాడో మొదటి అంకె చెబుతుంది. ఆరేడేళ్ళ తరువాత ఎలా విసరగలడో రెండవ అంకె చెబుతుంది. మొదటిది కొలత, రెండవది జోస్యం. ఆ జోస్యం చరిత్రలో ఎంతవరకు ఫలించింది, తప్పినప్పుడు ఎవరు నష్టపోయారు అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

క్రికెట్టు తప్ప మరొక బంతాట అంతగా పట్టని మనవారి కోసం ముందుగా రెండు మాటలు. పిచర్ అంటే మన బౌలరు వంటివాడు. అయితే పరుగెత్తి రాడు. చిన్న మట్టిదిబ్బ మీద నిలబడి, అరవై అడుగుల ఆరంగుళాల దూరంలో ఉన్న పలక మీదుగా చేయి వంచి విసురుతాడు. బంతి నేల మీద పడి లేవదు కనుక వేగం, గాలిలో వంపు, గురి, ఈ మూడే అతని ఆయుధాలు. అమెరికాలోని 30 పెద్ద జట్లలో ప్రతిదాని కింద మెట్లు మెట్లుగా చిన్న జట్లు ఉంటాయి. ఆ మొత్తాన్ని ఫార్మ్ సిస్టమ్ అంటారు. పేరులోనే సేద్యం ఉంది కాబట్టి మనం దానిని నారుమడి అనుకోవచ్చు.

ఈ నారుమడిని ఒక వ్యవస్థగా నిలబెట్టినవాడు బ్రాంచ్ రికీ. 1920లలో ఆయన నడిపిన సెయింట్ లూయిస్ కార్డినల్స్ దగ్గర ధనం తక్కువ. చిన్న జట్లలో రాణించిన ఆటగాళ్ళను సంపన్న జట్లు ఎక్కువ ధర పెట్టి ఎగరేసుకుపోయేవి. కొనలేనివాడు పండించుకోవాలని రికీ నిశ్చయించుకున్నాడు. చిన్న జట్లనే కొని, వందలాది కుర్రవాళ్ళను చౌకగా చేర్చుకొని, అందులోనుంచి వడగట్టడం ప్రారంభించాడు. 1940 నాటికి కార్డినల్స్ చేతిలో 30కి పైగా చిన్న జట్లు ఉండేవి. ఎక్కువమందిని తీసుకుంటే మేలైనవారు వారిలోనే ఉంటారన్నది ఆయన సిద్ధాంతం. నైపుణ్యాన్ని 20 నుంచి 80 దాకా అంకెలలో తూచే కొలబద్దను కూడా ఆయనకే ఆపాదిస్తారు. 50 అంటే పెద్ద జట్లలో సగటు ఆటగాడి స్థాయి. 80 ఏ తరంలోనైనా కొద్దిమందికే దక్కుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. విత్తనాలు దండిగా చల్లే రైతు మొలకెత్తని గింజ కోసం విచారించడు. రికీ మడిలో ఆ గింజలు మనుషులు. 1938లో బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్, కార్డినల్స్ తమ చిన్న జట్ల మీద అక్రమంగా పెత్తనం చేస్తూ ఆటగాళ్ళ ఎదుగుదలకు అడ్డుపడుతున్నారని తేల్చి, 70 మందికి పైగా కుర్రవాళ్ళను ఆ బంధం నుంచి విడిపించాడు. చరిత్ర విచిత్రమేమిటంటే, ఇదే రికీ 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున జాకీ రాబిన్సన్‌ను బరిలోకి దింపి వర్ణవివక్ష గోడను కూల్చాడు. ఆ గోడ కూలిన తరువాతనే కరీబియన్ దీవుల నల్లజాతి కుర్రవాళ్ళకు దారి తెరుచుకుంది. 1956లో ఓజీ వర్జిల్ పెద్ద జట్టుకు ఆడిన తొలి డొమినికన్ అయ్యాడు. 1960 జులైలో హువాన్ మరిషాల్ అనే డొమినికన్ పిచర్ తన మొట్టమొదటి ఆటలోనే ప్రత్యర్థులకు ఒకే ఒక్క హిట్ ఇచ్చి, ఒక్క పరుగైనా చేయనివ్వలేదు. అప్పటినుంచి స్కౌట్ల చూపు ఆ దీవి మీద నిలిచిపోయింది.

1965లో అమెరికా కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకొనే డ్రాఫ్ట్ పద్ధతి మొదలైంది. డొమినికన్, వెనెజువేలా, పనామా కుర్రవాళ్ళు దాని పరిధిలోకి రాలేదు. అక్కడ ఎవరు ముందు చేరితే వారిదే సంతకం, ఎంత తక్కువకు ఒప్పిస్తే అంత లాభం. రికీ నారుమడి ఆ విధంగా సముద్రం దాటింది. 1987లో డాడ్జర్స్ జట్టు రాల్ఫ్ అవీలా పర్యవేక్షణలో కాంపో లాస్ పాల్మాస్ అనే శిక్షణాలయాన్ని తెరిచింది. కాలక్రమంలో మిగిలిన జట్లూ అదే బాట పట్టాయి.

ఇంతకీ ఆ పెద్దమనుషులు కుర్రవాడిలో ఏమి చూస్తారు? వేగం చూస్తారు. చేయి ఎంత సులువుగా, ఎంత శుభ్రంగా తిరుగుతోందో చూస్తారు. ప్రతి బంతికీ ఒకే భంగిమ నిలుస్తోందా లేదా అని చూస్తారు. అన్నిటికీ మించి ఒంటి తీరు చూస్తారు. భుజాలు విశాలంగా, కాళ్ళు చేతులు పొడుగ్గా ఉండి, ఇంకా కండ పట్టని కుర్రవాడంటే వారికి మక్కువ. రేపు కండ పడితే వేగం పెరుగుతుందన్నది లెక్క. పొట్టివాడు ఈ రోజు ఎంత బాగా విసిరినా అతని రెండవ అంకె మొదటి అంకె దగ్గరే ఆగిపోతుంది.

ఈ లెక్కకు తొలి దెబ్బ లాస్ పాల్మాస్ నుంచే తగిలింది. అక్కడి కుర్రవాడు పేద్రో మార్తీనెస్ 1988లో డాడ్జర్స్‌తో సంతకం చేశాడు. అన్న రమోన్ అప్పటికే ఆ సంస్థలో ఉన్నాడు, ఆజానుబాహువు. పేద్రో సన్నగా, ఆ వృత్తికి పొట్టిగా ఉండేవాడు. చేతి వేగంలో లోటేమీ లేకపోయినా, అంత చిన్న శరీరం ఆట ఆరంభించి ఆరేడు ఇన్నింగ్స్ విసిరే భారానికి తట్టుకోదని పెద్దలు తీర్మానించారు. 1993 నవంబరులో అతనిని మాంట్రియల్‌కు ఇచ్చి డెలైనో డెషీల్డ్స్ అనే ఆటగాడిని తెచ్చుకున్నారు. 1997లో పేద్రో 305 మందిని స్ట్రయికౌట్ చేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.90 పరుగులే ఇచ్చి, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారం గెలుచుకున్నాడు. బోస్టన్ తరఫున 1999లో, 2000లో మళ్ళీ దానినే అందుకున్నాడు. 2015లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. స్కౌట్లు కనుగొన్నవాడిని సొంత జట్టే కొలబద్ద పట్టుకొని పోగొట్టుకుంది.

పేద్రో విషయంలో ఉన్న ప్రతిభను తక్కువగా తూచారు. మరియానో రివేరా కథ ఇంకా లోతైనది. పనామాలోని ప్వెర్తో కైమితో అనే జాలరిపల్లె అతనిది. తండ్రి పడవలో పనిచేస్తూ స్థానిక జట్టులో షార్ట్‌స్టాప్‌గా, అంటే ఫీల్డరుగా, ఆడేవాడు. యాంకీస్ స్కౌట్ హెర్బ్ రేబర్న్ అతనిని ఆ స్థానంలో చూసి పెదవి విరిచాడు. ఒకనాడు జట్టులో పిచర్ తడబడితే రివేరా తానుగా ముందుకొచ్చి బంతి అందుకున్నాడు. ఆ వార్త విని రేబర్న్ మళ్ళీ వచ్చాడు. వేగం గంటకు 90 మైళ్ళ లోపే. చేయి తిరగడంలోని సౌలభ్యం మాత్రం అతనిని ఆకట్టుకుంది. 1990 ఫిబ్రవరిలో, ఇరవయ్యేళ్ళ వయసులో, రెండు మూడు వేల డాలర్లకు ఒప్పందం కుదిరింది. 1992లో మోచేతికి శస్త్రచికిత్స జరిగింది. అదే ఏడాది రెండు కొత్త జట్ల కోసం జరిగిన ఎంపికలో యాంకీస్ అతనిని రక్షిత జాబితాలో పెట్టలేదు. ఆ కొత్త జట్లూ తీసుకోలేదు. 1995లో అతని వేగం హఠాత్తుగా 95 మైళ్ళకు పెరిగింది. 1997లో సహచరుడితో మామూలుగా బంతి ఆడుకుంటుండగా, చివరి క్షణంలో పక్కకు కోసుకుపోయే కట్టర్ అతని వేళ్ళకు అబ్బింది. ఆ ఒక్క బంతితో 652 ఆటలలో చివరి ఘట్టాన నిలిచి జట్టు ఆధిక్యాన్ని కాపాడాడు. 2019లో ఓటు వేసిన ప్రతి ఒక్కరి ఆమోదంతో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి ఆటగాడయ్యాడు.

ఇందులో నన్ను ఆలోచింపజేసే సంగతి ఒకటి ఉంది. రివేరాను రివేరాగా చేసిన కట్టర్ 1990లో అతని చేతిలో లేనే లేదు. లేనిదానిని ఏ స్కౌటు కొలవగలడు? వెనెజువేలాకు చెందిన యోహాన్ సాంతానాదీ ఇదే తీరు. 1999 డిసెంబరులో ఆస్ట్రోస్ అతనిని రక్షిత జాబితాలో చేర్చకపోతే చివరికి మిన్నెసోటాకు చేరాడు. 2002లో చిన్న జట్టులో బాబీ క్వెయార్ అనే శిక్షకుడి దగ్గర చేంజప్ అనే నెమ్మది బంతికి సానపట్టుకొని, 2004లో, 2006లో సై యంగ్ గెలిచాడు. కొన్ని పువ్వులకు పరిమళం చాలా ఆలస్యంగా వస్తుంది.

మరి పుట్టగానే పరిమళించినవాడి సంగతి? 2008 జులైలో ఓక్లాండ్ జట్టు మైకేల్ యినోవా అనే పదహారేళ్ళ డొమినికన్ పిచర్‌కు 42.5 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆరడుగుల ఏడంగుళాల ఎత్తు, పొడుగాటి చేతులు, చక్కని వంపు, కొలబద్ద కోరినవన్నీ అతనిలో ఉన్నాయి. 2010లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆడేసరికి మోచేతి స్నాయువు తెగి టామీ జాన్ శస్త్రచికిత్స చేయవలసి వచ్చింది. అతను ఆడిన పెద్ద ఆటలు మొత్తం 45, అవీ 2016లో, 2017లో, షికాగో వైట్ సాక్స్ తరఫున. యినోవా మోసగాడు కాడు, స్కౌట్లు అజ్ఞానులూ కారు. పదహారేళ్ళ మోచేయి రేపు ఏమవుతుందో చెప్పే అంకె ఆ కొలబద్ద మీద లేదు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత కూడా ఈ వ్యాపారంలో శాసనం వంటిదే. పదహారేళ్ళ కుర్రవాడికి లక్షలు పలికితే, అదే బంతి విసిరే ఇరవయ్యొక్కేళ్ళవాడికి వేలే పలుకుతాయి. వయసే ధర అయినప్పుడు వయసును తగ్గించి చెప్పడం ఆశ్చర్యం కాదు. 2007లో క్లీవ్‌లాండ్ తరఫున 19 ఆటలు గెలిచిన ఫౌస్తో కార్మోనా అసలు పేరు రొబేర్తో ఎర్నాందెస్ అనీ, చెప్పిన దానికంటే మూడేళ్ళు పెద్దవాడనీ 2012లో బయటపడింది. ఆ 19 విజయాలు మాత్రం నిజమైనవే. 2015లో ఆస్ట్రోస్ జట్టు ఫ్రాంబర్ వాల్దెస్ అనే డొమినికన్ యువకుడిని పదివేల డాలర్లకు చేర్చుకుంది. అప్పటికి అతనికి ఇరవయ్యొక్కేళ్ళు, అక్కడి లెక్కలో ముదురు. చీకటి పడితే కారు దీపాల వెలుగులో అతని బంతులు చూశారని చెబుతారు. 2022లో ప్రపంచ సిరీస్ గెలిచిన చివరి ఆటను ఆరంభించినవాడు అతనే.

ఈ కథ మన దేశపు గడప కూడా తొక్కింది. 2008లో 'మిలియన్ డాలర్ ఆర్మ్' అనే పోటీ పెట్టి, క్రికెట్టు దేశంలో వేగంగా బంతి విసిరేవారి కోసం వెతికారు. దొరికిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ ఇద్దరూ ఉత్తరప్రదేశ్‌కు చెందిన జావెలిన్ విసిరే యువకులు. ఆ ఏడాది నవంబరులోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ వారిని నారుమడిలో చేర్చుకుంది. దినేశ్‌ను 2010లో విడిచిపెట్టారు. రింకూ మరికొంత కాలం ఆడినా గాయాలు వెంటాడాయి. తరువాత మల్లయుద్ధ రంగానికి వెళ్ళాడు. ఇద్దరూ పెద్ద జట్టు దాకా చేరలేదు. 2014లో వారి మీద సినిమా వచ్చింది.

ఇప్పుడు బంతి ఎన్ని చుట్లు తిరుగుతోందో కూడా యంత్రాలు లెక్కిస్తాయి. విదేశీ కుర్రవాళ్ళ మీద ఒక్కొక్క జట్టు వెచ్చించగల మొత్తానికి 2017 నుంచి కచ్చితమైన పరిమితి ఉంది. కొలత పదునెక్కింది, జోస్యం మాత్రం జోస్యంగానే ఉంది. జోస్యం తప్పడం తప్పేమీ కాదు. తప్పినప్పుడు జట్టు ఖాతాలో ఒక పద్దు కొట్టివేస్తారు. కుర్రవాడి ఖాతాలో పన్నెండేళ్ళకే ఆపేసిన చదువు, పాతికేళ్ళకే పాడైన మోచేయి, ఆశపడ్డ కుటుంబం మిగులుతాయి. రివేరా, వాల్దెస్‌ల కథలు చెప్పుకొని మురిసిపోయేటప్పుడు, అంతే చౌకగా సంతకం చేసి పేరు లేకుండా ఇంటికి తిరిగిపోయిన వేలమంది గుర్తుకు రావాలి. రికీ మడిలో దండిగా చల్లిన గింజలు వారు. 1938లో లాండిస్ వారిలో కొందరికోసమైనా తీర్పు చెప్పాడు. ఆ నారుమడులు సముద్రం దాటిన తరువాత, అక్కడి కుర్రవాళ్ళకోసం అంత గట్టిగా తీర్పు చెప్పిన లాండిస్ ఎవరూ నాకు ఈ చరిత్రలో కనిపించలేదు.