కర్నూలు–విశాఖపట్నం విమానమార్గం: దూరం, ప్రయాణకాలం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: కర్నూలు, విశాఖపట్నం విమానాశ్రయాల మధ్య గగనమార్గ దూరం సుమారు 580 కి.మీ. ఈ దూరం స్థిరమైనది. దానిని దాటడానికి పట్టే కాలం మాత్రం సాంకేతికతతోపాటు పాలనా నిర్ణయాలపైనా ఆధారపడింది. రాయలసీమ, ఉత్తరాంధ్రల సంబంధాల నేపథ్యంలో ఈ అంశాన్ని పరిశీలించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రాయలసీమ, ఉత్తరాంధ్ర, శ్రీబాగ్ ఒడంబడిక, ఉడాన్, ఓర్వకల్లు.

1. తొలి గగనమార్గం

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీ నుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా విమానం నడిపారు. అక్కడి నుండి నెవిల్ వింట్సెంట్ ఆ తపాలాను బళ్ళారి మీదుగా మద్రాసుకు చేర్చారు. దత్తమండలాలకు చెందిన బళ్ళారి అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఈ విధంగా పౌర విమానయానపు తొలినాళ్ళలోనే విమానం ఆ ప్రాంతంలో దిగింది. అయితే ఆ మార్గం ఏర్పడింది రెండు మహానగరాలను కలపడానికే గాని, దత్తమండలాలను తీరాంధ్రతో కలపడానికి కాదు.

2. దూరం – రాజకీయ ప్రశ్న

1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక రాజధాని, హైకోర్టు వేర్వేరు ప్రాంతాలలో ఉండాలని పేర్కొన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినపుడు కర్నూలు రాజధాని అయింది; 1954లో హైకోర్టు గుంటూరులో వెలసింది. విశాఖ ప్రాంతీయులు రాజధానికి చేరాలంటే రాష్ట్రాన్ని ఈ కొస నుండి ఆ కొసకు దాటవలసి వచ్చేది. 1956లో రాజధాని హైదరాబాదుకు తరలడంతో ఈ రెండు నగరాల నడుమ రాకపోకలకు పాలనాపరమైన అవసరం తగ్గింది.

3. ‘గంట’ అనే కొలమానం

2016లో ప్రారంభమైన ఉడాన్ పథకం సుమారు 500 కి.మీ. దూరాన్ని గంట ప్రయాణంగా లెక్కించి, కొన్ని సీట్లకు రూ.2,500 గరిష్ఠ ధర నిర్ణయించింది. కర్నూలు సమీపాన ఓర్వకల్లులో నిర్మించిన విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. మార్చి 28న ఈ పథకం కిందనే విశాఖపట్నానికి విమానాలు మొదలయ్యాయి. ప్రాంతీయ మార్గాలలో నడిచే ఏటీఆర్–72 విమానం గంటకు సుమారు 500 కి.మీ. వేగంతో ప్రయాణిస్తుంది. ఆ లెక్కన 580 కి.మీ. దూరానికి డెబ్బై నిమిషాలు చాలు. నేలపై కదలిక, పైకెగరడం, దిగడం కలిపితే సుమారు గంటన్నర అవుతుంది. విజయవాడ మీదుగా వెళ్ళే రోడ్డు మార్గం దాదాపు 700 కి.మీ.

అయితే ప్రయాణికుని కాలం విమానం తలుపు వద్ద మొదలు కాదు. ఓర్వకల్లు చేరడం, తనిఖీలు, నిరీక్షణ కలిస్తే గంటన్నర రెట్టింపు దాటుతుంది. వారంలో కొన్ని రోజులే విమానం ఉన్నపుడు, తప్పిన విమానం తరువాతి గంటకు గాక తరువాతి రోజుకో, ఆ మరునాటికో వాయిదా వేస్తుంది.

4. ముగింపు

2020 నాటి వికేంద్రీకరణ చట్టం విశాఖపట్నాన్ని కార్యనిర్వాహక రాజధానిగా, కర్నూలును న్యాయ రాజధానిగా ప్రతిపాదించింది. 2021 నవంబరులో ఆ చట్టం రద్దుకు శాసనసభ ఆమోదం తెలిపింది. శ్రీబాగ్ నాటి ప్రశ్న ఎనిమిది దశాబ్దాల తరువాత కూడా సజీవంగా ఉందనడానికి ఇది నిదర్శనం. రెండు ప్రాంతాల సామీప్యాన్ని కేవలం కిలోమీటర్లతోను, గగనయాన నిమిషాలతోను అంచనా వేయడం అసమగ్రం. సామాన్యుడు భరించగల ధరకు, అవసరమైన రోజున ప్రయాణం దొరకడమే దానికి సరైన కొలమానం. ప్రాంతీయ విమానయాన చరిత్రను రాసేవారు పటాలతోపాటు వేళల పట్టికలను కూడా ఆధారాలుగా స్వీకరించవలసి ఉంది.