పరిచారిక గురువయిన వైనము

ఆసుపత్రి విడిచి యింటికి మరలు రోగికి, ఏ మాత్ర పరగడుపున మ్రింగవలయునో, ఏ యాహారము వర్జింపవలయునో నర్సు చెప్పుచుండగా, బండి వాకిట నిలిచియున్నదను తొందరలో మనలో పెక్కురు తలయూపి బయటపడుదురు. వైద్యమునకు తోకవలె తగిలించిన మర్యాదగా మన మెంచు నీ బోధ పేదవాని యింటిలో పుట్టి, ఆసుపత్రికి ఆలస్యముగా చేరినది.

1859లో ఇంగ్లండునందలి లివర్‌పూల్ నగరమున విలియం రాత్‌బోన్ అను వర్తకుడు, అవసానదశలో తన భార్యకు సేవచేసిన మేరీ రాబిన్సన్ అను పరిచారికను మూడు మాసములకు కుదిర్చి బీదలవాడలకు పంపుచు, రోగుల బాధ నుపశమింపజేయుటయే గాక ఆరోగ్యసూత్రములను గూడ వారికి నేర్పవలసినదని కోరెను. నెల తిరిగినంతనే ఆమె కంట తడిపెట్టుచు మరలివచ్చి, ఆ దైన్యమును చూడజాలనన్నది. రాత్‌బోన్ నచ్చజెప్పి గడువువరకు నిలిపెను; గడువు తీరిన పిమ్మట, ధనికుల యిండ్ల కొలువునకు ఇక పోనని ఆమెయే పట్టుపట్టినది! శిలాఫలకములపై పేరెక్కినవారు వేరు గాని, ఈ విద్యకు తొలి పంతులమ్మ ఈమెయే యని నా యభిప్రాయము.

ఫ్లారెన్స్ నైటింగేల్ ఆ కాలముననే వ్రాసిన పరిచర్యాగ్రంథము సైతము, ఇంట రోగిని కాచుకొను సామాన్యస్త్రీల నుద్దేశించినదే. ఆమె ప్రోద్బలమున 1892లో బకింగ్‌హాంషైరు పల్లెలకు ఆరోగ్యబోధకురాండ్ర శిక్షణ మొదలైనది. ఉపన్యాసముతో తృప్తిపడక, గడపగడపకు పోయి గృహిణితో చెలిమిచేసి, గదిలోనికి గాలి వెలుతురులు వచ్చు విధమును, పసిబిడ్డను పెంచు తీరును చేసి చూపవలెనని ఆమె పట్టుదల.

1922లో ఇన్సులిన్ వాడుకలోనికి వచ్చుటతో ఈ బోధ అనివార్యమైనది. దినదినమును సూది వేసికొనవలసిన మధుమేహరోగి యింటికి వైద్యుడు దినదినమును రాజాలడు గదా! బోస్టన్ నగరమున ఎలియట్ జోస్లిన్ అను వైద్యుడు నర్సులను బోధకురాండ్రుగా తీర్చి, రోగుల యిండ్లకు సైతము పంపెను. వారు నేర్పిన మూత్రపరీక్ష సులభమైనది: గాజుగొట్టములోని నీలిరంగు బెనెడిక్ట్ ద్రావణమునకు కొన్ని చుక్కల మూత్రము చేర్చి కాచినచో, నీలముగనే నిలిచిన చక్కెర లేదనియు, ఇటుకరంగునకు తిరిగిన మిక్కుటముగా నున్నదనియు అక్షరజ్ఞానము లేనివాడును గ్రహింపవచ్చును.

మన దేశమున 1918లో ఢిల్లీయందు వెలసి, తరువాత లేడీ రీడింగ్ పేర ప్రసిద్ధమైన ఆరోగ్యపాఠశాల, ఇండ్లకు పోయి తల్లులకు బోధించు సందర్శకురాండ్రకు శిక్షణ నిచ్చినది. నేడు మన పల్లెలలో ఏ.ఎన్.ఎమ్. అమ్మ, ఓ.ఆర్.ఎస్. పొట్లమును లీటరు నీటిలో తల్లిచేతనే కలిపించి చూచుట ఆ సంప్రదాయమే. రద్దీలో నర్సుకు నోరు విప్పుటకే తీరిక చిక్కని మన ఆసుపత్రులలో, ఈ బోధకై కొంత వేళను ప్రత్యేకించి, దానిని ఆమె ఉద్యోగధర్మములో లెక్కింపవలసినదని అధికారులకు మనవి.