లేపాక్షి పైకప్పు మీద కుళ్లాయి

లేపాక్షి వీరభద్రస్వామి గుడికి వచ్చినవాళ్ళు ముందు వేలాడే స్తంభం ఎక్కడని అడుగుతారు. నాట్యమండపంలో ఆ మూల ఎప్పుడూ గుంపే. ఒకరు తువ్వాలు, ఒకరు చున్నీ, ఏమీ లేనివాళ్ళు న్యూస్ పేపర్ స్తంభం కింద ఇటునుంచి అటు లాగుతుంటారు. ఇంకొకరు వీడియో తీస్తుంటారు. అందరి చూపూ నేల మీదే. తల ఎత్తితే, పదహారో శతాబ్దంలో దక్షిణాదివాళ్ళు ఏం బట్టలు కట్టారు, చీరల మీద ఏ చారలు, ఏ గళ్ళు, ఏ పూలు వేయించుకున్నారు అన్నదంతా రంగుల్లో కనిపిస్తుంది. ఆ కాలపు బట్ట అసలు మిగిలిందే తక్కువ. బొమ్మలో మిగిలిన బట్ట మాత్రం ఇక్కడ మండపమంతా పరిచి ఉంది. దాని కింద నిలబడి మనం తువ్వాలు లాగుతున్నాం.

స్తంభం మీద నాకు కోపమేం లేదు, నేనూ ఇంజనీరునే, నేనూ కర్చీఫ్ పెట్టి చూశాను. కానీ ఈ వ్యాసం పైకప్పు గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే పైకప్పు మీది మనుషులు పెట్టుకున్న టోపీ గురించి.

గుడి కట్టించినవాళ్ళు విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు. తండ్రి పేరు నంది లక్కిశెట్టి. విరూపణ్ణ పెనుగొండలో విజయనగర ప్రభువుల అధికారి. అచ్యుతదేవరాయలు (1529–42) రాజు. ఆయన కాలంలో గుడికి ఇచ్చిన దానాలు ప్రాకారపు గోడల మీద కన్నడంలో చెక్కి ఉన్నాయి. విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని, రాజు శిక్ష వేసేలోపే తన కళ్ళు తానే పీకి గోడకేసి కొట్టాడని గైడ్లు చెప్పే కథ ఆ శాసనాల్లో లేదు. కల్యాణమండపం దగ్గర గోడ మీద రెండు ఎర్రమరకలు మాత్రం ఉన్నాయి. చూపిస్తారు, చూస్తాం.

ఆ విరూపణ్ణ, వీరణ్ణల బొమ్మలు కప్పు మీద ఉన్నాయి. పరివారంతో వరసగా, పక్కకి తిరిగిన ముఖాలతో, భక్తిగా నిలబడి ఉంటారు. తలల మీద ఎత్తుగా, కోసుగా ఉన్న టోపీలు. పక్క గళ్ళలో శివపార్వతుల పెళ్ళి, ద్రౌపదీ స్వయంవరం, కిరాతార్జునీయం నడుస్తుంటాయి. అక్కడ దేవుళ్ళకి కిరీటాలు. ఇక్కడ మనుషులకి టోపీలు. చిత్రకారుడికి ఈ తేడా బాగా తెలుసు. దేవుడికి టోపీ పెట్టలేదు, దొరకి కిరీటం పెట్టలేదు.

నాతో వచ్చిన ఆఫీసు స్నేహితుడు మెడ నొప్పి పుట్టేదాకా చూసి, "ఇవి సాయిబుల టోపీల్లా ఉన్నాయి కదరా. గుడిలో ఎవరు వేశారు? తర్వాత ఎవరైనా మార్చేశారా?" అన్నాడు. వాడు గొడవకి అన్న మాట కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఎవరూ మార్చలేదు. గుడి కట్టించినవాడే అలా వేయించుకున్నాడు. వాడి ప్రశ్నకి సగం జవాబు ఇది. మిగతా సగానికి కొంచెం దూరం ప్రయాణం చేయాలి.

దాని పేరు కుళ్లాయి. ఇప్పుడా మాట పల్లెల్లో పసిపిల్లలకి పెట్టే టోపీకి మిగిలింది. శ్రీనాథుడి చాటువుగా చెప్పుకునే పద్యం ఒకటి మనలో చాలామంది బళ్ళోనే విని ఉంటాం. కన్నడ రాజ్యానికి పోయి, ప్రౌఢదేవరాయల దర్శనం కోసం కుళ్లాయి పెట్టుకుని, అలవాటు లేని దుస్తులు వేసుకుని, నోటికి హితవు కాని తిండి తిని, చివరికి రాజ్యలక్ష్మికే మొరపెట్టుకుంటాడు. మాస్టారు దాన్ని కవిగారి తిండి గోలగా చెప్పి నవ్వించేవారు. నాకిప్పుడది తెలుగులో బాగా పాతదైన ప్రయాణపు ఫిర్యాదుగా కనిపిస్తుంది. వేరే ఊరికి పనిమీద పోయినవాడు ముందు పోట్లాడేది తిండితోనూ బట్టతోనూ. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మొదటి క్లయింట్ మీటింగ్‌కి అద్దం ముందు నిలబడి టై కట్టుకుంటున్నప్పుడు నాకు గుర్తొచ్చింది శ్రీనాథుడే.

అదే ప్రౌఢదేవరాయల (రెండవ దేవరాయలు, 1424–46) కొలువుకి 1443లో ఇంకో ప్రయాణికుడు వచ్చాడు. అబ్దుర్ రజాక్. తైమూరు కొడుకు షారూఖ్ హెరాత్ నుంచి పంపిన రాయబారి. హొర్ముజ్ రేవులో ఓడెక్కి, ముందు కాలికట్‌లో దిగాడు. అక్కడి సామూద్రి రాజు కూడా మిగతా ప్రజల్లాగే పైన బట్ట లేకుండా ఉన్నాడని రాసుకున్నాడు. తర్వాత విజయనగరం వచ్చి చూస్తే, ఇక్కడి రాజు జైతూనీ పట్టు అంగరఖా తొడుక్కుని, మెడలో ముత్యాల పట్టెడతో కూర్చుని ఉన్నాడు. జైతూన్ అంటే చైనాలో ఒక రేవు, ఇప్పటి క్వాన్‌జౌ. సాటిన్ అనే మాట ఆ ఊరి పేరులోంచే పుట్టిందంటారు. తుంగభద్ర ఒడ్డున ఒక రాజు ఒంటి మీద చైనా రేవు పేరున్న పట్టు, దాన్ని చూసి రాసుకుంటున్నది ఖురాసాన్ నుంచి వచ్చిన మనిషి.

ఒకే ప్రయాణికుడు, ఒకే ఏడాది, ఇద్దరు దక్షిణాది రాజులు. ఇద్దరూ హిందువులే. ఒకరికి ఒంటి మీద బట్ట లేకపోవడం మర్యాద, ఇంకొకరికి నిండుగా తొడుక్కోవడం మర్యాద. మధ్యలో ఏదో మారింది. ఫిలిప్ వాగొనర్ 1996లో రాసిన ఒక వ్యాసం సరిగ్గా దీని గురించే. విజయనగర రాజులు పద్నాలుగో శతాబ్దం నుంచే తమని 'హిందూరాయ సురత్రాణ' అని పిలుచుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే, సంస్కృతం బట్ట కట్టిన సుల్తాను. బిరుదుతోపాటు వేషం కూడా వచ్చింది. పొడుగు చేతుల చొక్కా కబాయి, అరబ్బీ 'కబా'. ఎత్తు టోపీ కుళ్లాయి, పారశీకంలో 'కులాహ్'. మతం మార్చుకోలేదు, దేవుణ్ణి మార్చుకోలేదు. హొర్ముజ్ నుంచి హెరాత్ దాకా, బీదరు నుంచి కైరో దాకా రాజంటే ఎలా ఉండాలని అందరూ అనుకునేవారో, విజయనగరం రాజు అలా కనిపించాలనుకున్నాడు. నా మాటల్లో చెప్పాలంటే అది అప్పటి బిజినెస్ ఫార్మల్స్. నేను సూటు వేసుకుంటే జర్మనీవాణ్ణి అయిపోయానని ఎవరూ అనలేదు, మా అమ్మ తప్ప. తనదీ ఫోటో చూసి సరదాకి అన్నదే.

వాగొనర్ వాదనలో నాకు బాగా నచ్చేది ఆయన 'ప్రభావం' అనే మాటతో సరిపెట్టకపోవడం. ప్రభావం అంటే వానలో తడిసినట్టు, మన ప్రమేయం లేకుండా జరిగేది. ఇది తెలిసి చేసిన పని. ఎక్కడ కుళ్లాయి పెట్టాలో, ఎక్కడ తీసెయ్యాలో వాళ్ళకి తెలుసు. లేపాక్షి కప్పు మీద దేవుళ్ళ కిరీటాలూ మనుషుల కుళ్లాయిలూ పక్కపక్కనే, ఒకదాంతో ఒకటి కలవకుండా ఉండటమే దానికి సాక్ష్యం.

పోర్చుగీసువాళ్ళూ ఈ టోపీని చూశారు. 1520 ప్రాంతంలో వచ్చిన దొమింగో పాయెస్, కృష్ణరాయలు జరీ టోపీ పెట్టుకున్నాడని, అది స్పెయిన్‌లోని గలీసియావాళ్ళ శిరస్త్రాణంలా ఉందని, కాళ్ళకి మాత్రం చెప్పులు లేవని రాశాడు. తెలియనిదాన్ని తెలిసినదానితో పోల్చడం ప్రయాణికుల పాత జబ్బు. తర్వాత వచ్చిన ఫెర్నావ్ నూనిజ్ గుర్రాల వ్యాపారి. మూడేళ్ళ పాటు ఉన్నాడు కాబట్టి పోలిక వెతుక్కోలేదు, పేరే నేర్చుకుని రాసుకున్నాడు. ధర కూడా కనుక్కున్నాడు. రాజుగారి కుళ్లాయి ఇరవై క్రూజాదోలట, ఒకసారి తల మీంచి తీస్తే మళ్ళీ పెట్టుకోడట. వ్యాపారి రాసే యాత్రాచరిత్ర ఇలాగే ఉంటుంది, నాకిష్టం. నూనిజ్ ఇది రాస్తున్న 1530లలోనే ఇక్కడ లేపాక్షిలో చిత్రకారులు మంచెలెక్కి సున్నపు పూత మీద అదే కుళ్లాయికి రంగు వేస్తున్నారు. పోర్చుగీసు రాతప్రతులు పారిస్‌లో బయటపడి 1897లో అచ్చయ్యాయి, 1900లో రాబర్ట్ సూయెల్ వాటిని ఇంగ్లీషులోకి తెచ్చాడు. లేపాక్షి బొమ్మ మాత్రం అన్నాళ్ళూ ఎవరూ వెతికి పట్టుకోనవసరం లేకుండా తల పైనే ఉంది.

ఇంకో సంగతి. మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ గోడ మీద 'తుది తీర్పు' వేసింది 1536 నుంచి 1541 దాకా. రెండూ ఒకే కాలం పని. రోములో ఆయన ఉత్తరాలున్నాయి, జీతం లెక్కలున్నాయి. లేపాక్షిలో వేసినవాళ్ళ పేర్లు లేవు. ఆవరణలో నేల బండ మీద గుంతలతో చెక్కిన పెద్ద పళ్ళేలు ఉన్నాయి. పనివాళ్ళు అందులోనే అన్నం తినేవాళ్ళని కొందరు, రంగులు కలుపుకునేవాళ్ళని కొందరు అంటారు. నాగలింగం గురించీ తిండి కథే చెప్తారు. అమ్మ వంట చేసేలోపు శిల్పులు ఖాళీగా ఉండలేక ఏడు పడగల పామును చెక్కేశారట, అమ్మ వచ్చి ఆశ్చర్యపడేసరికి దిష్టి తగిలి రాయి బీటలిచ్చిందట. పేర్లు పోయినా ఆకలి గుర్తుంది జనానికి.

రెండేళ్ళ కిందట ఆఫీసు పని ముగించుకుని వస్తూ ఇస్తాంబుల్‌లో రెండు రోజులు ఆగాను. తోప్‌కాపి రాజభవనంలో సుల్తానుల కఫ్తాన్లు అద్దాల వెనక వేలాడదీశారు. పొడుగు చేతులు, నిలువు కుట్లు, పెద్ద పెద్ద పూల డిజైన్లు. ముందు నిలబడగానే ఇది కబాయికి పెద్దన్న కదా అనిపించింది. పాత సమాధుల దగ్గరికి పోతే, నిలబెట్టిన రాళ్ళ మీద తలపాగాలు, టోపీలు చెక్కి ఉన్నాయి. కింద పడుకున్నవాడి హోదా పైనున్న టోపీ చెప్తుంది. అదే దేశంలో 1925లో చట్టం తెచ్చి ఫెజ్ టోపీని నిషేధించారు, అందరూ హ్యాటు పెట్టుకోవాలన్నారు. టోపీకి అంత బరువుంటుందని హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ బతుకులో మనకి తట్టదు. విజయనగరంవాళ్ళకి తెలుసు. తళ్ళికోట తర్వాత రాజధాని పెనుగొండకి మారినప్పుడు ఈ దారిలో వచ్చినవాళ్ళకీ తెలుసు.

తిరుమల గుడిలోకి పోతుంటే కృష్ణదేవరాయలు, ఇద్దరు రాణుల నిలువెత్తు లోహపు విగ్రహాలు చేతులు జోడించి ఉంటాయి. తెలుగువాళ్ళం లక్షల మంది వాటి పక్కనుంచి క్యూలో నడిచిపోయాం. రాయల తల మీద ఉన్నది కుళ్లాయే. మన సినిమాల్లో రాయలు అనగానే కిరీటం గుర్తొస్తుంది, ఎన్టీఆర్ ముఖం గుర్తొస్తుంది. రాయలు తనకి తాను పోయించుకున్న బొమ్మలో మాత్రం కిరీటం లేదు. వెంకటేశ్వరస్వామి ఎదుట నిలబడటానికి ఆ టోపీ ఆయనకి అడ్డమనిపించలేదు.

ఇదంతా నా స్నేహితుడికి హిందూపురం తిరిగి వచ్చే ఆటోలో చెప్తున్నాను. రోడ్డుకి రెండు వైపులా ఎండిన చేలు, మధ్యలో అక్కడక్కడా బోరు కింద పచ్చగా మల్బరీ తోట. ఆటో నడిపే పెద్దాయన అద్దంలోంచి మమ్మల్ని చూసి, "కుళ్లాయి అంటున్నారే సార్, మా పక్క ఎంతమంది ఉండారో కుళ్లాయప్పలు!" అన్నాడు. ఆయనది అనంతపురం దగ్గర పల్లెట. వానల్లేక చేను వదిలేసి ఇటు వచ్చాడు.

నిజమే. అనంతపురం జిల్లాలో కుళ్లాయప్ప, కుళ్లాయిరెడ్డి, కుళ్లాయమ్మ అనే పేర్లు అడుగడుగునా వినపడతాయి. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి ఉన్నాడు. మొహర్రంలో నిలబెట్టే పీరు ఆయన. పక్కనే ఆంజనేయస్వామి గుడి. ఊళ్ళో ఎక్కువమంది హిందువులే, గుండం తొక్కేదీ, బెల్లం చదివించేదీ, పుట్టిన బిడ్డకి ఆయన పేరు పెట్టుకునేదీ వాళ్ళే. కవి అఫ్సర్ ఈ ఊరి పీర్ల పండగ మీద ఏళ్ళ తరబడి పనిచేసి రాసిన పుస్తకాన్ని 2013లో ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసింది. పండగకి వచ్చే జనం పీరుని ఏ మతం లెక్కల్లోనూ పెట్టకుండా మా దేవుడనడం అందులో మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. హెరాత్ దిక్కు నుంచి రాజుల తలల మీదికి వచ్చిన ఒక మాట, రాజులు పోయాక, కరువు నేల మీద రైతుల బిడ్డల పేరై మిగిలింది.

"అంటే ఆ పైన బొమ్మలో ఉన్నది..." అని స్నేహితుడు ఏదో అడగబోయాడు. పెద్దాయన ఆటో పక్కకి ఆపి, "మొహర్రంకి రాండి సార్ గూగూడుకి. వేల మంది వస్తారు. యా కులమని ఎవురూ అడగరు," అని చెప్పి, దిగి బీడీ వెలిగించుకున్నాడు.

లేపాక్షికి పోయేవాళ్ళకి ఒక మాట. బెంగళూరు నుంచి మూడు గంటల లోపే. పొద్దున వెలుతురు పక్కనుంచి పడేటప్పుడు పోండి, చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకుపోండి, కప్పు ఎత్తుగా ఉంటుంది. ఎరుపు, నలుపు ఇంకా గట్టిగానే నిలిచాయి. కొన్ని గళ్ళలో సున్నం పెచ్చులూడి రాయి బయటపడింది, కొన్ని ముఖాలు సగమే ఉన్నాయి. 2022లో ఈ గుడిని యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. స్తంభం ఎటూ ఉంటుంది, అది రాయి. రంగులకి అంత ఆయువు లేదు. విరూపణ్ణ కుళ్లాయి మీది గీతలు ఇప్పటికైతే కనిపిస్తున్నాయి.