దంష్ట్రిస్వామి దండము

పెంపుడుకుక్క పరునిఁ గఱచినచో రాజదండమున కర్హుఁ డెవ్వఁడు? ఈ ప్రశ్నము క్రొత్తది కాదు. ఐనను నిట్టి విధి యాంగ్లపరిపాలనముతోడనే యీ దేశమునకు వచ్చినదని పలువురు తలంచుచున్నారు. 1860 సంవత్సరపు భారతశిక్షాస్మృతిలోని 289వ విధియే యీ తలంపునకు మూలము. యాజ్ఞవల్క్యస్మృతియందు వ్యవహారాధ్యాయమునఁ బ్రకీర్ణకమును జదివినవారికి మాత్రము భ్రాంతి నిలువదు.

అచ్చట యాజ్ఞవల్క్యుఁడు విధించిన దిది: కోఱలుగల జంతువుచేతఁ గాని కొమ్ములుగల జంతువుచేతఁ గాని యొకఁడు హింసింపఁబడుచుండఁగా, విడిపింప శక్తుఁడయ్యును విడిపింపని స్వామి ప్రథమసాహసదండము నీయవలయును, బాధితుఁడు మొఱపెట్టినను విడిపింపఁడేని దానికి రెట్టింపు. ఆ స్మృతిలెక్కనుబట్టి ప్రథమసాహసము 270 పణములు. మొఱ విని కదలనివానికి 540. అర్థశాస్త్రమున గంటకశోధనాధికరణమునఁ గౌటిల్యుఁడు నించుమించుగా నీ మాటలనే పలికెను. ఆయన మతమునఁ బ్రథమసాహసము 48 మొదలు 96 పణములవఱకే గాన ధనము తక్కువ. రెట్టించుట మాత్రము సమానము.

దంష్ట్రిశబ్దము కుక్కకుఁ జెల్లునా యని సంశయింపవచ్చును. దంష్ట్ర గలది దంష్ట్రి. జాతిని బేర్కొనక యవయవముచే జంతువును నిర్దేశించినందునఁ గుక్కను వెలిపుచ్చుటకుఁ గారణము లేదు. నాఁడు కుక్కలను బెంచువారు లేకుండిరనుటయుఁ బొసఁగదు. కుక్కలగుంపుతోఁ దిరుగువానికి శ్వాగణికుఁడను పేరును బాణిని సాధించెను. కౌటిల్యుఁడు వేఁటకాండ్రతోఁగూడ శ్వగణులను నడవులఁ దిరిగి కావలికాయ నియమించెను. కుక్కనుగాని పందినిగాని చంపినవానికి మనువు విధించిన దండము మాష మొక్కటియే. ఆ సొత్తు వెల యెంత స్వల్పమో దానిని బట్టి పుట్టు బాధ్యత యంత గురువు.

ఈ శాసనమున మూఁడుపదములు విచార్యములు. మొదటిది 'శక్తః'. ఈ విశేషణము లేకున్న స్వామిత్వమాత్రముచేతనే నేర మేర్పడియుండును. ఊర లేనివానిని, రోగియై మంచము పట్టినవానిని స్మృతి దండింపదు. రెండవది 'అమోక్షయన్'. ఇందలి శతృప్రత్యయము వర్తమానకాలమును దెలుపును. కాటు జరుగుచుండఁగా విడిపింపకుండుటయే యపరాధము గాని కాటు స్వయముగా నపరాధము కాదు. మూఁడవది 'విక్రుష్టే'. ఇది సతిసప్తమి. మొఱ వినఁబడిన క్షణము నుండి యుపేక్ష వేఱొక యుపేక్ష యగుచున్నది. అంతకుముందు ప్రమాదమనఁదగినది, పిదప నట్లనరాదు.

ఇఁక స్వామి యెవ్వఁడు? స్వశబ్దమునుండి పుట్టినదైనను నీ పదము ధనముగలవానినిమాత్రము చెప్పదు. పాణిని దీని నైశ్వర్యార్థమునఁ జేర్చినాఁడు. అనఁగా నేలఁగలవాఁడు, అదుపునం దుంచఁగలవాఁడు. మనువు చెప్పిన సారథివిషయమును దీని కనుకూలమే. నేర్పులేని సారథి తప్పున హింస జరిగిన స్వామికి 200 పణములు. సారథి నేర్పరియైనచో దండము సారథికే. అదుపు ఎవ్వని చేతనున్నదో దండము వాని వెంటఁ బోవుచున్నది.

ఇందొక యాక్షేపము గలదు. 'తొలఁగుము' అని యఱచినవానికిఁ జతుష్పాదములవలని హింసయందు దోషము లేదని యాజ్ఞవల్క్యుఁడే యా ప్రకరణమునఁ జెప్పెను. అట్లైనచో గుమ్మమునకుఁ 'గుక్క యున్నది, జాగ్రత్త' యను పలకను వ్రేలఁగట్టిన గృహస్థుఁడు ముక్తుఁడగునా? కాఁడు. రెండుకేకలను గలిపి చదువవలయును. స్వామి కేక హింసకుఁ బూర్వము; బాధితుని కేక హింసానంతరము. మొదటిది వేసితినని రెండవదానికిఁ జెవిమూసికొనుట కా వాక్య మవకాశ మీయదు. పలక మాట చెప్పనే యక్కఱలేదు. అది విడిపింప రాదుగదా!

అన్యదేశములం దీ మార్గము వేఱు. ఏథెన్సున సోలోను, కఱచిన కుక్కకు మూఁడుమూరల కొయ్యను మెడఁ గట్టి యప్పగింపవలయునని శాసించినట్లు ప్లూటార్కు వ్రాసెను; అచ్చటఁ బట్టుపడినది కుక్క. ఇంగ్లండునఁ బూర్వన్యాయమునుబట్టి కుక్కకుఁ గఱచు స్వభావ మున్నదని యజమాని యెఱిఁగియుండెనని నిరూపించినఁగాని నష్టపరిహారము రాదు. 1865లోఁ జేసిన చట్ట మా నిరూపణము నక్కఱలేదనెను గాని, గొఱ్ఱెలకుఁ బశువులకు మాత్రమే! 1991లో నపాయకరశునకచట్టము వచ్చెను. అది పిట్‌బుల్ టెరియర్, టోసా మున్నగు నాలుగురకములను నిషేధించుచునే, యే జాతిదైనను బహిరంగస్థలమున నదుపుతప్పిన కుక్కకు యజమానిని బాధ్యునిఁ జేసెను. పదమునకు జాతి యర్థమని వాజప్యాయనుఁడును, వ్యక్తి యర్థమని వ్యాడియుఁ జేసిన వాదమునకు శాసనసభయం దిట్లు చోటు దొరకినది. భారతదేశమునను 2024 మార్చిలోఁ గేంద్రప్రభుత్వము 23 జాతులను నిషేధింప రాష్ట్రములకు వ్రాసెను. సంబంధించినవారిని విచారింపలేదని కర్ణాటక యున్నతన్యాయస్థానము ఏప్రిలులో దానిని గొట్టివేసెను. కాటునకు జాతి గుర్తుకావచ్చును. కారణ మదియే యనుట తర్కమునకు నిలువదు.

మెకాలే యధ్యక్షతను 1837లో సిద్ధమైన చిత్తునుండి పుట్టిన శిక్షాస్మృతి యింగ్లండుమార్గమును విడిచి, యధీనమునందున్న జంతువువలన మనుష్యులకు రాఁదగిన యపాయమును వారింపఁ దగిన జాగ్రత్త గొననివాని నెఱిఁగి చేసినను నేమఱి చేసినను శిక్షించెను. ఇది యాజ్ఞవల్క్యుని మతమునకుఁ జేరువ. ఐనను నా గ్రంథమునుండి వచ్చినదనుట కాధారము లేదు. 1810లోఁ గోల్‌బ్రూకు మితాక్షరనుండి దాయభాగమును మాత్రమే యాంగ్లీకరించెను. న్యాయస్థానములకు వలసినది యాస్తి పంపకము. దండభాగము పండితుల పెట్టెలలో నుండిపోయెను. తెలుఁగువారికి మాత్రము పదుమూఁడవ శతాబ్దముననే కేతన విజ్ఞానేశ్వరీయముచే మితాక్షరకు ద్వారము తెఱచియుండెను. కౌటిల్యునిఁ గూర్చి చెప్పనక్కఱలేదు. అర్థశాస్త్రము 1909లోఁగాని ముద్రితము కాలేదు.

2024 జూలై 1న నమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత యా విధినే 291వదిగాఁ గైకొని, యాఱునెలల చెఱను మార్పక, వేయిరూపాయల జరిమానాపరిమితిని అయిదువేలకుఁ బెంచెను. బాధితుని మొఱ విని కదలనివానికిఁ బ్రత్యేకముగా రెట్టింపుదండము మాత్రము 289లోను లేదు, 291లోను లేదు.